ఎవరో ఇచ్చిన స్వేచ్ఛ కాదు: ఆఫ్రికా గురించి కొన్ని అపోహలు – వాస్తవాలు

ఆఫ్రికా అనగానే మన పత్రికల్లో కరవు, సైనిక కుట్ర, పడవ ప్రమాదం. సినిమాల్లో అయితే అడవి, సింహం. 'చీకటి ఖండం' అన్న తెల్లవాళ్ల మాట మన పాఠాల్లోనూ తరాల తరబడి నలిగింది. 54 దేశాలున్న ఖండం గురించి తప్పుడు అభిప్రాయాలు ఉండటంలో వింతేమీ లేదు. అవన్నీ ఒకే వైపు ఒరగడమే వింత. వాటిలో ఆఫ్రికన్లకు ఎప్పుడూ ఏదో ఒకటి జరుగుతూ ఉంటుంది. ఆఫ్రికన్లు చేసింది మాత్రం కనిపించదు. అలాంటివి కొన్ని చూద్దాం.

అపోహ: తెల్లవాళ్లు రాకముందు అక్కడ చెప్పుకోదగ్గ చరిత్ర లేదు.

ఇది తెలియక పుట్టిన మాట అనుకుంటే పొరపాటు. అవసరం కొద్దీ పుట్టించిన మాట ఇది. నేటి జింబాబ్వేలో మాస్వింగో పట్టణానికి దగ్గర్లో గ్రేట్ జింబాబ్వే అనే రాతి నగర శిథిలాలున్నాయి. సున్నం గానీ మట్టి గానీ వాడకుండా రాయి మీద రాయి పేర్చిన గోడలవి. పెద్ద ప్రాకారం కొన్నిచోట్ల 11 మీటర్ల ఎత్తుంటుంది. షోనా ప్రజల పూర్వీకులు 11 నుంచి 15వ శతాబ్దం దాకా కట్టుకుని, ఏలుకున్న ఊరు అది. ఇక్కడి బంగారం హిందూ మహాసముద్ర తీరపు రేవుల మీదుగా బయటి దేశాలకు వెళ్లేది. చైనా, పర్షియా పింగాణీ ముక్కలు తవ్వకాల్లో బయటపడ్డాయి.

1871లో అక్కడికి చేరిన జర్మన్ అన్వేషకుడు కార్ల్ మౌఖ్ ఒక చెక్క ముక్కను చూసి, ఇది లెబనాన్ దేవదారు కర్ర కాబట్టి ఈ కోట బైబిల్లోని షేబా రాణిదేనని తేల్చేశాడు. ఆ ప్రాంతాన్ని ఆక్రమించిన బ్రిటిష్ సామ్రాజ్యవాది సెసిల్ రోడ్స్ బృందానికి ఈ కథ భలే పనికొచ్చింది. పురావస్తు శాస్త్రవేత్తలు 1905లో రాండల్ మెకైవర్, 1929లో గెర్ట్రూడ్ కేటన్ థాంప్సన్ తవ్వి చూసి ఇది ఆఫ్రికన్ల కట్టడమేనని చెప్పారు. రొడీషియా (నేటి జింబాబ్వేకు అప్పటి పేరు) తెల్ల ప్రభుత్వం 1970ల్లో కూడా ఆ మాట చెవిన పెట్టలేదు. నిజం చెప్పవద్దన్న ఒత్తిడి భరించలేక, చారిత్రక కట్టడాల అధికారి పీటర్ గార్లేక్ 1970లో దేశం విడిచి వెళ్లిపోయాడు. పాత గోడల మీద ప్రభుత్వానికి అంత పట్టుదల ఎందుకంటారా? అంతటి నగరం కట్టినవాళ్లకు తమను తాము ఏలుకోవడం చేతకాదని చెప్పడం కష్టం కదా! 1980లో మెజారిటీ పాలన వచ్చాక దేశం ఆ శిథిలాల పేరే పెట్టుకుంది. అక్కడ దొరికిన రాతి పక్షి జాతీయ జెండా మీదికెక్కింది.

అపోహ: 1884లో బెర్లిన్‌లో బల్ల చుట్టూ కూర్చుని ఖండాన్ని గీతలు గీసి పంచేసుకున్నారు. నేటి యుద్ధాలన్నిటికీ ఆ గీతలే మూలం.

ఇందులో కొంత నిజం ఉంది. 1884 నవంబరు నుంచి 1885 ఫిబ్రవరి దాకా సాగిన ఆ సమావేశానికి 14 దేశాలు వచ్చాయి. ఆఫ్రికా నుంచి ఒక్కరినీ పిలవలేదు. కానీ అక్కడ కుదిరింది ప్రధానంగా ఆక్రమణలకు, కాంగో, నైజర్ నదుల వాణిజ్యానికి నియమావళి. సరిహద్దుల్లో ఎక్కువ భాగం ఆ తర్వాత ఇరవై ముప్పై ఏళ్లలో, రెండేసి దేశాల ఒప్పందాలతో, దండయాత్రలతో ఏర్పడ్డాయి.

మనం మరిచిపోయే రెండో సగం ఒకటి ఉంది. 1963లో అడిస్ అబాబాలో పుట్టిన ఆఫ్రికా ఐక్య సంస్థ మరుసటి ఏడాది కైరోలో సమావేశమై, స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఉన్న సరిహద్దులనే గౌరవిస్తామని తీర్మానించింది. సోమాలియా, మొరాకో ఒప్పుకోలేదు. మిగతావాళ్లు తెలిసే ఒప్పుకున్నారు: ఒక్క గీత చెరిపితే వంద తగాదాలు లేస్తాయని వాళ్ల లెక్క. అది మంచి నిర్ణయమో కాదో ఇప్పటికీ వాదించుకోవచ్చు. నిర్ణయం మాత్రం వాళ్లదే. అప్పటినుంచి అందరి గుర్తింపుతో కొత్తగా విడిపోయిన దేశాలు రెండే: 1993లో ఎరిత్రియా, 2011లో దక్షిణ సూడాన్.

అపోహ: రెండో ప్రపంచ యుద్ధంతో అలసిపోయిన యూరప్ తానే స్వాతంత్ర్యం ఇచ్చి వెళ్లిపోయింది.

1960లో ఒక్క ఏడాదిలోనే 17 దేశాలకు స్వాతంత్ర్యం వచ్చింది. అంత వేగం చూస్తే ఎవరో పంచిపెట్టినట్టే అనిపిస్తుంది. ఘానాను చూడండి. 1951 ఎన్నికల్లో క్వామే ఎన్‌క్రుమా జైల్లో ఉండే గెలిచారు. ఆయన్ని విడిచిపెట్టి ప్రభుత్వం ఏర్పాటు చేయమని పిలవక బ్రిటన్‌కు తప్పలేదు. 1957 మార్చి 6న దేశం స్వతంత్రమైంది. గినియా కథ వేరు. 1958లో, తమ నీడన ఉంటారా లేదా అని ఫ్రాన్స్ ఓటు పెడితే, సెకు తూరే నాయకత్వంలో గినియా 'వద్దు' అంది. ఫ్రెంచి అధికారులు ఫైళ్లూ పరికరాలూ మూటగట్టుకుని పోయారు. అల్జీరియాలో 1954 నుంచి 1962 దాకా ఫ్రాన్స్ 4 లక్షలకు పైగా సైనికుల్ని దించి పోరాడి, చివరికి వదులుకుంది.

కెన్యాలో మౌ మౌ తిరుగుబాటును అణచడానికి బ్రిటన్ 1952లో అత్యవసర పరిస్థితి పెట్టి వెయ్యిమందికి పైగా ఉరితీసింది. వేలమందిని శిబిరాల్లో నిర్బంధించి హింసించింది. అప్పటి ఫైళ్లను రహస్యంగా ఇంగ్లండుకు తరలించారు. అవి అసలున్నాయన్న సంగతి, ముసలివాళ్లైన కెన్యా బాధితులు లండన్ కోర్టులో వేసిన కేసు పుణ్యమా అని 2011లో బయటికొచ్చింది. 2013లో బ్రిటన్ 5,228 మందికి దాదాపు 2 కోట్ల పౌండ్లు చెల్లించేందుకు ఒప్పుకుంది. 'మర్యాదగా అధికారం అప్పగించాం' అన్న కథకు అంత ఖర్చయింది.

ఇక పోర్చుగల్. నాకు అన్నిటికన్నా ఆసక్తికరం ఇదే. యూరప్‌లోకెల్లా పేద దేశాల్లో ఒకటైన పోర్చుగల్, నియంతృత్వం కింద నలుగుతూ, అంగోలా, మొజాంబిక్, గినియా బిసావుల్లో ఒకేసారి మూడు యుద్ధాలు చేసింది. గినియా బిసావులో ఎదురు నిలిచినవాడు అమీల్కార్ కబ్రాల్. చదువు రీత్యా వ్యవసాయ ఇంజినీరు. భూముల సర్వే కోసం ఊరూరా తిరిగి, ఎవరు ఏం పండిస్తారో, ఎవరి భూమి ఎంతో కనుక్కున్నవాడు. తర్వాత ఆ ఊళ్లనే ఉద్యమంగా మలిచాడు. విముక్తి ప్రాంతాల్లో బడులు, ఆసుపత్రులు, ప్రజల దుకాణాలు నడిపాడు. 1973 జనవరి 20న గినియా రాజధాని కొనాక్రీలో ఆయన్ని కాల్చి చంపారు. ఉద్యమం ఆగలేదు, అదే ఏడాది సెప్టెంబరులో స్వాతంత్ర్యం ప్రకటించుకుంది.

గెలవలేని యుద్ధంలో ఏళ్ల తరబడి నలిగిన పోర్చుగల్ యువ సైనికాధికారులు 1974 ఏప్రిల్ 25న తిరగబడి లిస్బన్‌లో సొంత నియంతృత్వాన్నే కూల్చేశారు. వాళ్లలో కీలకమైనవారు గినియా బిసావు అడవుల్లో పనిచేసి వచ్చినవాళ్లే. అర్ధ శతాబ్దంగా పోర్చుగీసు ప్రజలకు అందని ప్రజాస్వామ్యానికి దారి ఆఫ్రికా పొలాల్లోంచి వెళ్లింది. యూరప్ ఆఫ్రికాకు స్వేచ్ఛ ఇచ్చిందని చెప్పేవారు ఈ ఒక్క దేశం విషయంలోనైనా మాట తిప్పి చెప్పాలి.

అపోహ: మండేలా ఆఫ్రికా గాంధీ. అహింసతోనే గెలిచారు.

మనకు ఎంతో ప్రియమైన అపోహ ఇది. 1912లో పుట్టిన ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ చాలా కాలం అహింసా మార్గంలోనే నడిచింది. 1952 నాటి ధిక్కార ఉద్యమంలో 8,000 మందికి పైగా అరెస్టయ్యారు. 1960 మార్చి 21న షార్ప్‌విల్‌లో పోలీసులు 69 మందిని కాల్చి చంపి, ఆ తర్వాత సంస్థనే నిషేధించాక దారి మారింది. 1961 డిసెంబరు 16న సాయుధ విభాగం బాంబు దాడులతో బయటికొచ్చింది. దాని తొలి నాయకుడు మండేలాయే. 1962లో ఆయన మొరాకోలో అల్జీరియా పోరాటవీరుల దగ్గర, ఇథియోపియాలో ఆయుధ శిక్షణ తీసుకున్నారు. 1985లో, హింసను వదులుకుంటానంటే విడుదల చేస్తామని అధ్యక్షుడు బోతా ఇచ్చిన అవకాశాన్ని ఆయన కాదన్నారు. ఆ జవాబును సొవెటో స్టేడియంలో ఆయన కూతురు జింజీ చదివి వినిపించింది. అమెరికా ఉగ్రవాద జాబితా ఆంక్షల నుంచి ఆయనకు 2008లో గానీ విముక్తి రాలేదు. అప్పటికి ఆయనకు నోబెల్ శాంతి బహుమతి వచ్చి 15 ఏళ్లు.

గాంధీని కాదనడం కాదిది. మండేలాకు గాంధీ అంటే గౌరవం. సమ్మెలు, బహిష్కరణలు, పట్టణ వాడల తిరుగుబాట్లు, అంతర్జాతీయ ఆంక్షలు అన్నీ కలిసి దక్షిణాఫ్రికా వర్ణవివక్ష వ్యవస్థను కూల్చాయి. 1946లోనే దక్షిణాఫ్రికాతో వాణిజ్యం తెంచుకున్న మన దేశానికీ అందులో భాగముంది. కానీ ఈ కథలో అసలు కనిపించని వాళ్లు పొరుగు దేశాలవారు. టాంజానియా, జాంబియా, మొజాంబిక్, అంగోలాలు శరణార్థులకూ గెరిల్లాలకూ చోటిచ్చి, అందుకు బాంబులు, విద్రోహాలు భరించాయి. 1975లో దక్షిణాఫ్రికా సైన్యం అంగోలాలోకి చొరబడితే క్యూబా సైన్యాన్ని పంపింది. మాస్కో ఆజ్ఞతో పంపిందన్నది మరో అపోహ. ఫిడెల్ కాస్ట్రో సోవియట్ అనుమతి కోసం ఆగలేదు. 1987-88లో అంగోలాలోని క్విటో క్వానవాలే దగ్గర దక్షిణాఫ్రికా దాడి నిలిచిపోయింది. 1988 డిసెంబరులో ఒప్పందం కుదిరింది. 1990 మార్చి 21న, దక్షిణాఫ్రికా ఏలుబడిలో ఉన్న నమీబియా స్వతంత్రమైంది. జైలు నుంచి వచ్చాక 1991లో మండేలా క్యూబా వెళ్లి కృతజ్ఞత చెప్పుకున్నారు. మన పుస్తకాల్లో ఆ ప్రయాణం ఎక్కడా కనబడదు.

అపోహ: ఆఫ్రికా అంతా పడవలెక్కి యూరప్‌కు తరలిపోతోంది.

ఐక్యరాజ్యసమితి 2020 లెక్కల ప్రకారం సొంత దేశం దాటి మరో ఆఫ్రికా దేశంలో బతుకుతున్న ఆఫ్రికన్లు సుమారు 2 కోట్ల 10 లక్షలు. యూరప్‌లో ఉన్నవాళ్లు సుమారు 1 కోటి 10 లక్షలు. ప్రపంచంలో ఎక్కువమందిని బయటికి పంపుతున్న దేశం ఏదంటారా? మనదే, దాదాపు 1 కోటి 80 లక్షలు. అమెరికా వీసా కోసం చిలుకూరు బాలాజీ చుట్టూ ప్రదక్షిణలు చేసే మనం ఇంకొకరి వలసను 'వరద' అనడం కొంచెం విడ్డూరమే.

అసలు ఆఫ్రికా నుంచి యూరప్‌కు ఒక్కసారిగా పోటెత్తిన వలసల్లో రెండు పెద్దవి తెల్లవాళ్లవే. 1962లో అల్జీరియా స్వతంత్రం కాగానే దాదాపు 8 లక్షల మంది యూరోపియన్ సంతతివారు ఫ్రాన్స్ చేరారు. 1975 ప్రాంతంలో అంగోలా, మొజాంబిక్‌ల నుంచి సుమారు 5 లక్షల మంది పోర్చుగల్ చేరారు. వాళ్లను ఎవరూ చొరబాటుదారులనలేదు.

ఖండం లోపలి వలసలన్నీ సోదరభావంతో సాగాయని చెబితే అదీ అబద్ధమే. 1969లో ఘానా ప్రభుత్వం పత్రాలు లేని విదేశీయులకు రెండు వారాల గడువిచ్చి వెళ్లగొట్టింది. వాళ్లలో నైజీరియన్లు చాలామంది. 1970ల్లో నైజీరియాలో చమురు డబ్బు పొంగింది, ఘానా కుప్పకూలింది, పంతుళ్లూ కూలీలూ లేగోస్ దారి పట్టారు. చమురు ధర పడిపోయాక 1983 జనవరిలో నైజీరియా వంతు వచ్చింది: రెండు వారాల్లో వెళ్లిపోవాలి. సుమారు 10 లక్షల మంది ఘానావాసులు సామాన్లు సర్దుకున్నారు. మన బస్టాండుల్లోనూ కనిపించే గళ్ల ప్లాస్టిక్ సంచిని పశ్చిమ ఆఫ్రికాలో నేటికీ 'ఘానా మస్ట్ గో' అంటారు. ఈ రెండు దేశాలూ కలిసి స్వేచ్ఛా ప్రయాణ ఒప్పందం మీద సంతకం చేసి అప్పటికి నాలుగేళ్లు కూడా నిండలేదు.

అపోహ: ఆఫ్రికన్లకు హైదరాబాద్ ఈమధ్య చదువుల కోసమే తెలిసింది.

నగరంలోని ఏసీ గార్డ్స్ పేటకు ఆ పేరు నిజాం ఆఫ్రికన్ అశ్వికదళం వల్ల వచ్చింది. వాళ్ల వారసులైన సిద్దీలు అక్కడే ఉన్నారు, పెళ్లిళ్లలో మర్ఫా వాయిస్తున్నారు. దక్కన్‌కు బానిసగా వచ్చి అహ్మద్‌నగర్ రాజ్యాన్ని నడిపించి, మొగలుల్ని ముప్పుతిప్పలు పెట్టిన ఇథియోపియా వాడు మాలిక్ అంబర్ చనిపోయింది 1626లో.

అపోహ: స్వాతంత్ర్యం రాగానే ఆఫ్రికన్లు భారతీయుల్ని తరిమేశారు.

1972 ఆగస్టులో ఉగాండాలో ఇడీ అమీన్ ఆసియన్లకు 90 రోజుల గడువు పెట్టడం నిజం, క్రూరం. ఇది ఒక నియంత ఒక దేశంలో చేసిన పని. దక్షిణాఫ్రికాలో ఇప్పటికీ 10 లక్షలకు పైగా భారత సంతతివారున్నారు. 1860 నవంబరులో మద్రాసు నుంచి డర్బన్ చేరిన ట్రూరో ఓడతో మొదలైన కూలీ వలసలో తెలుగువాళ్లూ చెరుకు తోటలకు వెళ్లారు. 1929 నుంచి 1932 దాకా అక్కడ భారత ప్రభుత్వ ఏజెంటుగా ఉన్నది మన కూర్మా వెంకటరెడ్డి నాయుడే. దక్షిణాఫ్రికా ఆంధ్ర మహాసభ 1931లో, ఆయన అక్కడున్నప్పుడే పుట్టింది. భారతీయుల్ని తిప్పి పంపే పథకాలు అక్కడ నడిపింది తెల్ల ప్రభుత్వం. వాళ్లను ఆ దేశపు శాశ్వత పౌరులుగా ఒప్పుకున్నది 1961లో.

ఇంకో సంగతి: కెన్యాలో బ్రిటిష్ పాస్‌పోర్టులున్న భారతీయులు ఇంగ్లండ్ వస్తారన్న భయంతో 1968లో బ్రిటిష్ పార్లమెంటు మూడే రోజుల్లో చట్టం చేసి తలుపు మూసింది. 1972లో ఇంగ్లండ్‌లోని లెస్టర్ నగర పాలక మండలి ఉగాండా పత్రికలో ఆసియన్లకు ప్రకటన ఇచ్చింది, మా ఊరికి రావద్దని. అయినా వచ్చిన ఆ కుటుంబాలే తర్వాత ఆ ఊరి వ్యాపారాలకు ప్రాణం పోశాయి.

తూర్పు ఆఫ్రికా భారతీయులంటే దుకాణదారులేనన్న మాటా సగమే. 1950 ఏప్రిల్‌లో నైరోబీ సభలో తూర్పు ఆఫ్రికాకు సంపూర్ణ స్వాతంత్ర్యం కావాలని బహిరంగంగా అడిగినవాడు మఖన్ సింగ్ అనే పంజాబీ కార్మిక నాయకుడు. బ్రిటిష్ వాళ్లు ఆయన్ని పదకొండేళ్లు నిర్బంధంలో ఉంచారు. గోవా మూలాలున్న పియో గామా పింటో మౌ మౌ పోరాటానికి అండగా నిలిచి జైలుకెళ్లాడు. 1965లో నైరోబీలో తన ఇంటి ముందే హత్యకు గురయ్యాడు. అప్పటికి కెన్యా స్వతంత్రమై రెండేళ్లు కూడా కాలేదు. మఖన్ సింగ్‌కు కొత్త ప్రభుత్వం ఏ పదవీ ఇవ్వలేదు. 1973లో ఆయన నైరోబీలోనే కన్నుమూశాడు.