న్యాయశాస్త్ర విద్యలో ప్రత్యేక శాఖ నెన్నుకొనుట

పిల్లలను న్యాయశాస్త్రము చదివింపదలచిన తల్లిదండ్రులు తరచుగా నన్నడుగు ప్రశ్న యొకటి కలదు: “మావాడు సివిలు చదువవలెనా, క్రిమినలు చదువవలెనా?” కళాశాలలో కాలుపెట్టక పూర్వమే ఈ విచారమేల? వైద్యవిద్యలో కంటివైద్యునికి వేరు పట్టము, ఎముకల వైద్యునికి వేరు పట్టము కావలెను. వకీలువృత్తి యట్టిది కాదు. 1961 నాటి అడ్వొకేట్ల చట్టము ననుసరించి బార్ కౌన్సిలులో పేరు నమోదై, అఖిల భారత బార్ పరీక్షలో నుత్తీర్ణుడైనవాడు ఏ విధమైన వ్యాజ్యమునైనను చేపట్టవచ్చును. కళాశాలలో నెన్నుకొన్న శాఖ యాతనిని జీవితాంతము బంధింపదు.

పి.యు.సి. పిమ్మట అయిదేండ్ల చదువు, పట్టభద్రులకు మూడేండ్ల చదువు కలదు. రెంటిలోను ఒప్పందములు, ఆస్తి బదిలీ, రాజ్యాంగము, నేరశిక్షలు, సాక్ష్యము మొదలగునవి అందరికిని తప్పనిసరి. తక్కిన కొన్ని విషయములను విద్యార్థియే యెన్నుకొనును. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008లో చేసిన నియమములలో వాణిజ్యము, నేరశాస్త్రము, అంతర్జాతీయ న్యాయము, మేధోసంపత్తి మున్నగు వర్గములతో పాటు ‘చట్టము–వ్యవసాయము’ అను వర్గము కూడ నున్నదని మనలో పలువు రెరుగరు. ప్రతి కళాశాలయు అన్నిటిని బోధింపదు. చేరుటకు ముందే విచారించుకొనవలెను.

ఈ కడపటి వర్గము మనకు దూరమైనది కాదు. మన రాయచెర్లు, తిరుమణి, వల్లూరు, బాలసముద్రము, క్యాతగానచెర్లు గ్రామములలో సుమారు 13,000 ఎకరములు పావగడ సౌరవిద్యుత్ పార్కు క్రిందికి వచ్చినవి. 2018లో అచ్చట విద్యుదుత్పత్తి మొదలైనది. ఆ భూమిని క్రయమునకు గాక దీర్ఘకాలపు కౌలునకు తీసికొనిరి. తొలుత ఎకరమునకు ఏటికి 21,000 రూపాయలు. రెండేండ్లకొకమారు నూటికి అయిదు వంతున హెచ్చింపు. పట్టాదారు మరణించినచో ఆ సొమ్ము ఎవరెవరికి ఏ పాళ్లలో చేరవలెను? 2005 నాటి సవరణచే ఉమ్మడి ఆస్తిలో కుమార్తెకును కుమారునితో సమాన హక్కు వచ్చినది గదా. ఆమె పేరు పహణిలో నెక్కినదా? గడువు తీరిన పిమ్మట పలకలు తీసి, చెరిగిన గట్లు గుర్తించి, నేల నప్పగింపవలసిన వారెవరు? ఇక నేలలేని కూలివాని మాట. కౌలుసొమ్ము పట్టాదారునకే చెందును. పని పోయిన కూలివాడు ఏ చట్టము నాశ్రయింపవలెను? ఇది యన్నిటికంటె కఠినమైన ప్రశ్న. వీనికి సమాధానము చెప్పగల వకీలునకు ఈ ప్రాంతమున నింకను చాలకాలము పని యుండును.

రాజ్యాంగశాఖయు మనకు సంబంధించినదే. 30వ అధికరణము భాషా అల్పసంఖ్యాకులకు విద్యాసంస్థలను నెలకొల్పి నడుపుకొను హక్కు నిచ్చుచున్నది. అల్పసంఖ్యాకు లెవరన్నది రాష్ట్రమును బట్టి నిర్ణయింపవలెనని 2002లో టి.ఎం.ఎ. పాయ్ ఫౌండేషన్ వ్యాజ్యమున పదకొండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము తీర్పు చెప్పినది. ఆ వ్యాజ్యము మన కర్ణాటకము నుండి పోయినదే.

ఏ శాఖ యైనను, కన్నడము ధారాళముగ చదువనిది ఇచ్చట వకీలుపని సాగదు. పహణి కన్నడములో నుండును. మడకశిర వైపు భూమి యున్నవారి అడంగలు తెలుగులో నుండును. రెండును చదువగలవాడు రెండు సీమల కక్షిదారులకును పనికివచ్చును. మన పిల్లలకిది కష్టము గాదు.

అయిదేండ్ల విద్యార్థి కనీసము ఇరువది వారములు, మూడేండ్ల విద్యార్థి పండ్రెండు వారములు అభ్యాసశిక్షణ పొందవలెనని నియమము. అందు కొన్ని వారములు కోర్టులో నొక పెద్ద వకీలు వద్ద గడపి, దావా కాగితములు స్వయముగ చదివిన పిమ్మట, చివరి సంవత్సరములలో ఏ విషయములు తీసికొనవలెనో వానినే చెప్పనిండు.