నీళ్లెత్తే యంత్రం

కాళేశ్వరం పక్కన కన్నెపల్లి పంపుహౌస్‌లో ఒక్కో మోటారు 40 మెగావాట్లది. జనగామ రైతు బోరులోకి దించే 5 హెచ్‌పీ మోటార్లు పదివేలు కలిస్తే గానీ దానికి సాటిరావు. కానీ రెండింటి లోపలా జరిగే పని ఒక్కటే. ఇంపెల్లర్ అనే రెక్కల చక్రం గిర్రున తిరుగుతూ, నడిమి నుంచి వచ్చిన నీటిని అంచుకు విసురుతుంది. ఆ విసురులో పుట్టే ఒత్తిడే నీటిని పైకి తోస్తుంది.

ఆ రెక్క వంపు తిరగడానికి చాలాకాలం పట్టింది. 1851 లండన్ ప్రదర్శనలో జాన్ ఆపోల్డ్ వంపు రెక్కల పంపు పెట్టాడు. తిన్నని రెక్కల పంపు తీసుకున్న శక్తిలో 24 శాతమే నీటికి అందిస్తే, ఆయనది 68 శాతం అందించింది. తర్వాత అర్మాయిస్ అరుటునోఫ్ చమురు బావుల కోసం మోటారునే అడుగుకు దించాడు. మన సబ్‌మెర్సిబుల్ దాని సంతతే.

ఆవిరి యంత్రం కూడా బొగ్గు గనుల్లో ఊరే నీటిని తోడటానికే పుట్టింది. 1712 నాటి న్యూకోమెన్ ఇంజన్ బొగ్గును మింగేది. జేమ్స్ వాట్ 1769లో పేటెంట్ పొందిన పద్ధతితో అదే పని సగం కన్నా తక్కువ బొగ్గుతో జరిగింది. దాంతో బ్రిటన్‌లో బొగ్గు వాడకం తగ్గలేదు, పెరిగింది. ఇంజన్ నడపడం చవకయ్యేసరికి మిల్లుల్లోకీ రైళ్లలోకీ అదే చేరింది. పొదుపైన యంత్రం బొగ్గును మిగల్చదని విలియం స్టాన్లీ జెవన్స్ 1865లో పుస్తకమే రాశాడు. ఇప్పుడు భూపాలపల్లి గనుల బొగ్గు చెల్పూరు కాకతీయ థర్మల్ కేంద్రంలో కాలి కరెంటవుతోంది. నీళ్లు తోడేది ఆ కరెంటే.

దేశంలో వాడే కరెంటులో దాదాపు ఆరో వంతు వ్యవసాయానిదే. అందుకే ఈ లెక్క చూడాలి. వెయ్యి లీటర్ల నీటిని 330 అడుగులు ఎత్తాలంటే ఎంత గొప్ప పంపైనా 0.27 యూనిట్ ఖర్చు పెట్టక తప్పదు, అది ప్రకృతి నియమం. 30 శాతం సామర్థ్యమున్న పాత మోటారుకు 0.9 యూనిట్ కావాలి. 60 శాతం దానికి 0.45 చాలు. సగం మిగిలిందని సంబరపడేలోపు నీళ్లు 660 అడుగులకు పోతే, కొత్త మోటారు కూడా 0.9 తాగుతుంది. మిగిలిందంతా లోతు మింగేసింది.

తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి సాగుకు 24 గంటల ఉచిత కరెంటు ఇస్తున్నారు. బిల్లు రాదు కాబట్టి మోటారు కాలితే రైతు కొత్తది కొనకుండా వైండింగ్ షాపుకే తీసుకెళ్తాడు. పాత తీగను కాల్చి తీసేటప్పుడు లోపలి ఇనుప రేకుల మీది పూత దెబ్బతిని సామర్థ్యం ఇంకొంచెం పడిపోతుంది. అయినా రైతుది తప్పు లెక్క కాదు. కరెంటు పొదుపు చేసే స్టార్ గుర్తు మోటారుకు డబ్బు పెట్టేది ఆయన, మిగిలే యూనిట్లు కరెంటు పంపిణీ సంస్థవి, అంటే డిస్కంవి. వైండింగ్ ఖర్చుకూ స్టార్ మోటారు ధరకూ ఉన్న తేడా సొమ్ము డిస్కమే భరించాలని నా గట్టి అభిప్రాయం. ఆ మోటారు ఇచ్చే ముందు రైతు ఊరి నీటిమట్టం కొలవాలి, ఇచ్చాక ఏటా కొలవాలి.

దేవాదుల ఎత్తిపోతల నీళ్లతో జనగామ చెరువు నిండి, చుట్టుపక్కల బోర్లలో నీళ్లు 330 అడుగుల నుంచి 220కి వచ్చాయనుకుందాం. మోటారు మార్చకుండానే మూడో వంతు కరెంటు మిగులుతుంది. అయితే ఆ చెరువులోకి గోదావరిని ఎత్తిన పంపుల కరెంటు కూడా అదే ఖాతాలో రాయాలి. ఇప్పుడు ఒకటి నీటిపారుదల శాఖ పద్దులో, మరొకటి వ్యవసాయ కనెక్షన్ల పద్దులో వేర్వేరుగా ఉంటున్నాయి.