కంపవాతము - జీర్ణకోశము

ఇంటిలోని పెద్దలకు చేయి వణకుట మొదలైనచో అందరి దృష్టియు ఆ చేతి మీదనే నిలుచును. మూడు దినములుగా విరేచనము లేక ఆయన పడుచున్న బాధను ఎవరును అడుగరు. ఆయనయు సిగ్గుపడి చెప్పరు. వైద్యుడిచ్చిన మాత్రను పప్పన్నము, పెరుగన్నము తిన్న వెంటనే మ్రింగుదురు. గంట గడచినను వణకు తగ్గదు. మందు పనిచేయుట లేదని ఇంటివారు నిరాశపడుదురు. పలుమార్లు లోపము మందులో లేదు; అది చేరవలసిన చోటికి చేరలేదు. ఈ సంగతినే నేడు మనము విచారింతము.

1817లో లండను వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ ఈ వ్యాధిని వర్ణించినప్పుడే మలబద్ధమును కూడ పేర్కొనెను. మెదడులో డోపమీన్ అను పదార్థమును తయారుచేయు కణములు నశించుట ఈ వ్యాధి లక్షణము. అయితే ప్రేగులను కదలించు నాడులకు సైతము ఇది సోకును. అందుచేతనే పలువురిలో వణకు కనబడుటకు ఎన్నో ఏండ్ల ముందే మలబద్ధము ఆరంభమగును.

ఇందుకు ముఖ్యౌషధమైన లివోడోపా చిన్నప్రేగు నుండి రక్తములో చేరును. కడుపు మెల్లగా ఖాళీ అయినచో మందు అక్కడనే నిలిచిపోవును. పైగా పప్పు, పాలు, గ్రుడ్లు, మాంసములలోని మాంసకృత్తులు జీర్ణమైన పిదప మందుతో పాటు ఒకే ద్వారమున లోనికి పోజూచును. ఆ త్రొక్కిడిలో మందు వెనుకబడును. కావున మాత్రను భోజనమునకు అరగంట ముందుగాని, గంట తరువాతగాని వేసికొనుట మేలు. వికారము కలిగినచో రెండు బిస్కట్లు తినవచ్చును. ఇనుము మాత్రలను వేరొక వేళకు మార్చవలెను. మాంసకృత్తులను మాత్రము మానరాదు, దేహము క్షీణించును.

మలబద్ధమునకు మొదటి చికిత్స నీరు. ఆకుకూరలు, పండ్లు, ముడిధాన్యములు మంచివే గాని, చాలినంత నీరు లేనిదే పీచు మేలు చేయదు. ప్రతిదినము కొంత నడక, ఉదయము ఫలాహారమైన పిదప నియమిత వేళకు మరుగుదొడ్డికి పోవు అలవాటు అవసరము. అప్పటికిని గుణము లేనిచో వైద్యుని సలహాపై మేక్రోగాల్ వంటి పొడిని వాడవచ్చును.

భోజనవేళ నిటారుగా కూర్చుండి చిన్న ముద్దలు తినవలెను. త్రాగునప్పుడు దగ్గు వచ్చుచున్నచో వైద్యునికి తెలుపవలెను. వాంతులకు సామాన్యముగా నిచ్చు మెటోక్లోప్రమైడ్ డోపమీన్ పనిని అడ్డగించి వణకును పెంచును. కావున ఏ వైద్యుని వద్దకు పోయినను తమ వ్యాధి పేరు ముందుగా చెప్పవలెను. కడుపు ఉబ్బి, వాయువు సైతము వెడలక వాంతులగుచున్నచో ఆసుపత్రికి పోవుటలో ఆలస్యము కూడదు. లివోడోపాను తమంతట తాము ఆపివేయుట ప్రమాదకరము.

చేతి వణకును గూర్చి అడిగినంత సహజముగా విరేచనమును గూర్చియు పెద్దలను అడుగుడు. సిగ్గు విడిచి చెప్పిన ఆ ఒక్క మాటతో, పనిచేయదనుకొన్న మందు మరల పనిచేయవచ్చును.