ఏ పెట్టెకు ఏ వైరు?

తార్నాక పేరులోనే తీగ ఉంది. నిజాం కాలంలో ఇక్కడి మామిడి తోట చుట్టూ తీగ కంచె వేసి కాపలా నాకా పెట్టారనీ, తార్, నాకా కలిసి తార్నాక అయిందనీ పెద్దవాళ్ళు చెబుతారు. తోట పోయింది, కంచె పోయింది, 2017లో మెట్రో రైలూ వచ్చింది. తీగలు మాత్రం మన ఇళ్ళల్లోకి చేరాయి. టీవీ వెనక ఒకసారి తొంగి చూడండి. దుమ్ము దులపడానికైనా చెయ్యి పెట్టాలంటే భయం వేస్తుంది కదూ? ఏది కదిపితే ఏది ఆగిపోతుందో అని ఆ మూలను మగవాళ్ళకో పిల్లలకో వదిలేస్తాం. పోపు డబ్బాలో చూడకుండానే ఆవాలూ జీలకర్రా తీసే చేతికి ఇది పెద్ద విద్యేమీ కాదు.

వైరు కొనేటప్పుడు ముందు ధర చూడకండి. దానిలో ఏం నడవబోతోందో చూడండి. మైకు నుంచి వచ్చేది వోల్టులో వెయ్యో వంతు లెక్కలో ఉంటుంది. టేపు రికార్డరు, టీవీ, సీడీ ప్లేయరు వంటి వాటి వెనక నుంచి వచ్చేది వోల్టులో మూడో వంతు మొదలు ఒకటి రెండు వోల్టుల దాకా. యాంప్లిఫయరు నుంచి స్పీకరుకు వెళ్ళేది వీటికంటే ఎన్నో రెట్లు బలమైనది. మొదటి రెండూ సున్నితమైనవి గనక వాటికి ముసుగు కావాలి. మూడోదానికి ముసుగు అక్కర్లేదు, లావు కావాలి.

ముసుగంటే ఏమిటంటారా? మన ఇళ్ళ కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. పక్కన సన్నని పాట తీగ ఉంటే ఆ ఊపు దానిలోకీ చొరబడుతుంది. స్పీకరులో వినిపించే 'గుయ్' చాలాసార్లు అదే. అందుకని లోపలి తీగ చుట్టూ సన్నని రాగి పోగులతో జడలాగా అల్లిన తొడుగు వేస్తారు. కొట్లో 'షీల్డు వైరు' అంటే ఇస్తారు. మామూలు జంట వైరుతో టేపు రికార్డరును కలిపితే గుయ్ ఖాయం. అలాగే షీల్డు వైరును స్పీకరుకు వాడితే, సన్నని తీగ గనక శక్తిని దారిలోనే తినేస్తుంది.

స్పీకరు వైరు విషయంలో కాస్త లెక్క వేద్దాం. ఒక చదరపు మిల్లీమీటరు రాగి తీగ పది మీటర్ల దూరం వెళ్ళి తిరిగి వస్తే దాని నిరోధం సుమారు 0.34 ఓములు. స్పీకరుది 8 ఓములనుకోండి, నాలుగు శాతం. చెవికి తేడా తెలియదు. ఇక మన హాలులో మూడు నాలుగు మీటర్లకి అంతకంటే ఏం కావాలి? కరెంటు సామాన్ల కొట్లో దొరికే 'వన్ స్క్వేర్' జంట వైరు చాలు. దూరం పెరిగితే రెండున్నర స్క్వేరు తీసుకోండి. వేలకు వేలు పోసి కొనే వైర్ల గురించి చాలా చెబుతారు గాని, ఆ డబ్బుతో మంచి స్పీకరే కొనుక్కోవచ్చని నా అభిప్రాయం. కోఠీలో గుజరాతీ గల్లీ దాకా వెళ్ళినప్పుడు ఒకటి మాత్రం గమనించండి. పైన రాగి పూత, లోపల అల్యూమినియం ఉండే వైర్లు ఉంటాయి. తేలిగ్గా ఉంటాయి, బ్లేడుతో గీకితే లోపల తెల్లగా కనిపిస్తాయి. వాటి నిరోధం ఎక్కువ.

స్పీకరుకు రెండు కొనలుంటాయి, ఎరుపూ నలుపూ. రెండు స్పీకర్లకూ ఎరుపు ఎరుపుకే కలపాలి. ఒకదానికి తిరగేశారా, మృదంగం పలచబడిపోతుంది, పాడే మనిషి గొంతు మధ్యలో నిలబడదు.

ఇప్పుడు అందరిళ్ళలో ఉన్న పని ఒకటి చెబుతాను. అమ్మమ్మ పాడిన మంగళహారతో, నాన్నగారి గొంతో ఏదో పాత క్యాసెట్‌లో ఉండిపోయి ఉంటుంది. 1986లో స్త్రీ శక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' పుస్తకం, సాయుధ పోరాటంలో పాల్గొన్న తెలంగాణ స్త్రీల నోటి మాటల నుంచే వచ్చింది. ఇంట్లో పెద్దవాళ్ళ మాటలూ అలాంటి సంపదే. వాటిని కంప్యూటరులోకి ఎక్కించాలంటే టేపు డెక్కు వెనక 'లైన్ అవుట్' అని ఉన్నచోట ఎరుపు, తెలుపు పిన్నుల షీల్డు వైరు పెట్టండి. ఎరుపు కుడి, తెలుపు ఎడమ. ఇప్పటి ల్యాప్‌టాపుల్లో చాలావాటికి ఉన్న ఒక్క చిన్న రంధ్రం హెడ్‌ఫోనుకూ మైకుకూ కలిపి ఉద్దేశించినది. టేపు శబ్దం అందులో పెడితే గొంతు పగిలినట్టు వస్తుంది, కుడి ఎడమలు ఒకటైపోతాయి. 'లైన్ ఇన్' ఉన్న యూఎస్‌బీ పెట్టె మధ్యలో వాడాలి. స్పీకరు వైరును మాత్రం పొరపాటున కూడా అందులోకి తేవద్దు, కాలిపోతుంది. ఇదంతా ముందు ఏదో సినిమా పాటల క్యాసెట్‌తో పరీక్షించుకోండి. పాత టేపు ఎన్నిసార్లు తిరగడానికి ఓర్చుకుంటుందో చెప్పలేం కదా!

క్యాంపస్‌లో ఠాగూర్ ఆడిటోరియం వంటి పెద్ద హాళ్ళలో మైకు వైరు చాలా దూరం వెళ్ళాలి. అంత దూరానికి ముసుగొక్కటే చాలదు. అందుకే మూడు పిన్నుల మైకు వైరు వాడతారు. లోపల రెండు తీగలు, ఒకదానిలో పాట సూటిగా, రెండోదానిలో తలకిందులుగా వెళుతుంది. దారిలో చేరే గుయ్ రెండింటిలోనూ ఒకేలా చేరుతుంది. చివర రెండోదాన్ని తిరగేసి కలిపితే పాట రెట్టింపవుతుంది, గుయ్ తనను తానే కొట్టేసుకుంటుంది. ఎంత చక్కని తెలివి! గిటారుకు పెట్టే లావు పావంగుళం పిన్ను ఉంది చూశారూ, అది పాత టెలిఫోను ఎక్స్ఛేంజీలలోంచి వచ్చింది. అక్కడ రోజంతా ఆ పిన్నులు గుచ్చి ఊళ్ళను కలిపింది ఎక్కువగా ఆడవాళ్ళే.

ఇక అన్నింటికంటే ముఖ్యమైన మాట. గుయ్ మానడం లేదని మూడు పిన్నుల ప్లగ్గులో పెద్ద పిన్ను విరిచేసే వాళ్ళున్నారు. నిజమే, ఒక్కోసారి శబ్దం ఆగుతుంది. కానీ ఆ పిన్నే ఎర్తు. యాంప్లిఫయరు లోపల కరెంటు తీగ రేకు పెట్టెకు తగిలిందనుకోండి, ఎర్తు ఉంటే కరెంటు భూమిలోకి పోయి ఫ్యూజు ఎగిరిపోతుంది. లేకపోతే అదే కరెంటు షీల్డు పట్టుకుని మైకు దాకా వస్తుంది. బతుకమ్మ నాడు తడినేల మీద వట్టి కాళ్ళతో నిలబడి ఇనుప మైకు పట్టుకునేది ఎవరు? మనమే. మైకు సెట్టు తెచ్చినతన్ని ఆ ప్లగ్గు చూపించమని అడగడానికి మొహమాటపడకండి. 30 మిల్లీ యాంపియర్లకే కరెంటు తెంచేసే ఆర్‌సీసీబీ ఉందో లేదో కూడా అడగండి.

గుయ్‌కి వేరే మందులున్నాయి. అన్ని పెట్టెల ప్లగ్గులూ ఒకే బోర్డులో పెట్టండి. వేర్వేరు ఎర్తుల మధ్య చుట్టు తిరిగే కరెంటు ఆగుతుంది. పాట తీగను కరెంటు తీగ పక్కన పొడుగునా పరవకండి, దాటవలసి వస్తే అడ్డంగా దాటించండి. ల్యాప్‌టాపు చార్జరు తీసి చూడండి. చాలాసార్లు దొంగ అదే!

టీవీకీ సౌండ్‌బారుకూ మధ్య హెచ్‌డీఎంఐ అయితే 'ఏఆర్‌సీ' అని రాసి ఉన్న రంధ్రంలోనే పెట్టాలి. వీటిలో వెళ్ళేది అంకెలు. అవి సరిగా చేరితే పాట పూర్తిగా వస్తుంది, చేరకపోతే తెగుతుంది. బంగారు పూత తుప్పు పట్టకుండా చూస్తుందే గాని పాటకు తీపి కలపదు. కాంతితో నడిచే ఆప్టికల్ తీగలో గుయ్ అనేదే చొరబడదు, కాకపోతే దాన్ని గట్టిగా మడవకూడదు.

వైర్లు అమర్చాక ప్రతిదాని రెండు కొనలకూ ఒకే రంగు గుడ్డపీలిక కట్టి, ఏది దేనికో ఒక కాగితం మీద రాసి టీవీ వెనక అంటించండి.