పెచ్చు ఊడినంత మేరకే బాగుచేత

ఇనుప బీరువా మీద రంగు ముందుగా ఊడేది సాధారణంగా పిడి కింద, తాళాల గుత్తి తగిలే చోట. ఊడింది గోరంత పెచ్చే. వెలుతురు పడేలా తలుపు తెరిచి దగ్గరగా చూస్తే అది మెట్లు మెట్లుగా కనిపిస్తుంది. పైన మధ్యలో ఎప్పుడో వేయించిన క్రీము రంగు, దాని కింద కొన్ననాటి బూడిద రంగు, ఆ కింద ఎర్రటి ప్రైమరు, నడుమ ఇనుము. ఇనుము మీద గోధుమరంగు మచ్చ. ఇంకా ఊడని రంగు ఆ మచ్చ చుట్టూ సన్నగా ఉబ్బి ఉంటుంది, వేలితో నొక్కితే చిట్లుతుంది. ఇంటికి వచ్చినవాళ్లకు కనబడేది మచ్చ. పట్టించుకోవలసింది మాత్రం ఆ ఉబ్బును. రంగు కిందుగా తుప్పు పాకుతోందని అది చెబుతోంది. విశాఖ శివారులోని పెందుర్తి లాంటి ఊళ్లో ఆ పెచ్చును అలాగే వదిలేయడమూ తప్పే, కొన్నాళ్లకు దాని మీదుగా బీరువా మొత్తానికి ఒక కోటు కొట్టించేయడమూ తప్పే. ఊడిన వెంటనే, ఊడినంత మేరకు, అడుగు వరకు గోకి బాగుచేసుకోవాలి. ఖర్చులోనూ మన్నికలోనూ ఆరోగ్యం విషయంలోనూ అదే మేలు.

ఇనుముకు నీరూ గాలీ తగలకుండా అడ్డుండటం రంగు పని. ఆ అడ్డు ఒక చోట తెగితే నష్టం అక్కడితో ఆగదు. తుప్పు తాను తిన్న ఇనుము కంటే కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి పక్కనున్న రంగును కింది నుంచి ఎత్తుతుంది. ఎత్తిన చోట తేమ చేరుతుంది, మళ్లీ తుప్పు. గాలిలో తేమ సుమారు 60 శాతం దాటితే ఇనుముకు తుప్పు పట్టే వేగం ఒక్కసారిగా పెరుగుతుందని బ్రిటిష్ రసాయన శాస్త్రవేత్త వెర్నన్ 1930లలోనే గమనించాడు. విశాఖలో ఏడాదిలో ఎక్కువ రోజులు తేమ ఆ గీత పైనే ఉంటుంది. సముద్రం పెందుర్తికి 15 కిలోమీటర్ల పైనే కదా, ఉప్పుగాలి బాధ బీచ్ రోడ్డు వాళ్లది కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే, తీరం నుంచి దూరం పోయేకొద్దీ గాలిలో ఉప్పు బాగా తగ్గుతుంది. కానీ తేమ అంతగా తగ్గదు. పైగా ఉప్పు మన చేతుల్లోనే ఉంది. చెమటతో పాటు పిడి మీదికి, దాని కిందికి రోజూ చేరుతుంది. గాలిలో తేమ 75 శాతానికి వచ్చిందంటే ఉప్పు దాన్ని లాక్కుని తానే నీరవుతుంది. ఇక కాళ్ల దగ్గరైతే రోజూ నేల తుడిచే నీళ్లు తగులుతూనే ఉంటాయి. బీరువా రేకు మందం మామూలుగా ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. నిర్లక్ష్యం చేస్తే అడుగున చిల్లు పడేదాకా వస్తుంది.

రంగు పెచ్చును ఎలా బాగుచేయాలో విశాఖ నగరానికి బయటివాళ్లు నేర్పనక్కర్లేదు. 1941లో సింధియా కంపెనీ పునాది వేసిన ఓడల కార్ఖానా ఇక్కడిదే. ఇప్పుడది హిందుస్థాన్ షిప్‌యార్డ్. 1948లో జల ఉష అనే ఓడ నీళ్లలోకి దిగింది అక్కడి నుంచే. ఉప్పునీటిలో తిరిగే ఓడకు రంగు దెబ్బతింటే ఓడ మొత్తానికి రంగు వేయరు. దెబ్బతిన్న చోట సుత్తితో, వైరు బ్రష్షుతో తుప్పును, పట్టు వదిలిన రంగును రాలగొడతారు. మంచినీళ్లతో ఉప్పు కడిగేస్తారు. గట్టిగా ఉన్న రంగు అంచును వాలుగా అరగదీస్తారు. ఆరగానే, మళ్లీ తుప్పు పట్టేలోగా ప్రైమరు వేసి, ఆ పైన కోట్లు వేస్తారు. ఇలా చేత్తో శుభ్రం చేసే పనికి ఐఎస్ఓ 8501 అనే అంతర్జాతీయ ప్రమాణం ఒక సులువైన పరీక్ష పెట్టింది. మొద్దుగా ఉన్న పుట్టీ కత్తితో ఎత్తి చూడాలి. లేచింది పట్టు లేనిది, దాన్ని తీసేయాలి. లేవనిది ఉండవచ్చు. ఓడకు చాలిన ఈ పరీక్ష బీరువాకు చాలదా? పుట్టీ కత్తి ఏ హార్డ్‌వేర్ షాపులోనైనా దొరుకుతుంది.

ఇంట్లో చేసేటప్పుడు ఎక్కువ సమయం పట్టేది రంగు వేయడానికి కాదు, అంచు అరగదీయడానికి. వాటర్ పేపర్ తడిపి పెచ్చు చుట్టూ రుద్దుతూ పోతే మెట్లన్నీ కరిగి, క్రీము, బూడిద, ఎరుపు రంగులు వలయాల్లా తేలతాయి. కళ్లు మూసుకుని వేలు జరిపితే గోరు ఎక్కడా తట్టకూడదు. తట్టిందంటే పై కోటు ఎంత నున్నగా వేసినా గీత కనిపిస్తుంది, మళ్లీ పెచ్చు లేచేదీ అక్కడే. తర్వాత వెంటనే తుడిచి, బాగా ఆరబెట్టి, ఆ రోజే రెడ్ ఆక్సైడ్ ప్రైమరు వేయాలి. గుంట మిగిలితే లప్పం పెట్టాలి. ఇక్కడ తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. గోడకు కలిపిన పుట్టీ మిగిలింది కదా అని ఇనుముకూ అదే పూసేస్తారు. అది తేమను పీల్చి పట్టి ఉంచుతుంది. ఇనుముకు కార్ల షెడ్లలో వాడే పుట్టీ కావాలి. చివరగా ఎనామిల్ పల్చగా రెండు కోట్లు. మందంగా ఒకే కోటు వేస్తే పైపొర గాలికి గట్టిపడి లోపల పచ్చిగా ఉండిపోయి ముడతలు పడుతుంది. ముసురు రోజుల్లో అసలు ఈ పనే పెట్టుకోవద్దు.

చెక్క సామాను సంగతి కొంత వేరు. చెక్క వానల్లో ఉబ్బుతుంది, వేసవిలో కుంచించుకుపోతుంది. ఎనామిల్ మాత్రం ఏళ్లు గడిచేకొద్దీ ఇంకా బిరుసెక్కి సాగడం మానేస్తుంది. అందుకే కుర్చీకీ మంచానికీ రంగు ఊడేది ఎక్కువగా అతుకుల దగ్గర. కదులుతున్న అతుకును బిగించకుండా పైన రంగు వేస్తే ఆ డబ్బులు దండగే. ముందు వడ్రంగి పని, తర్వాతే పెయింటరు పని. చిన్న సందులకు రంపపు పొట్టులో ఫెవికాల్ కలిపి కూరితే సరిపోతుంది. పొట్టు అట్టతో చేసిన చవక సామాను నీరు తాగి ఉబ్బిందంటే దాన్ని ఏ రంగూ కాపాడలేదు.

బాగుచేసిన చోట అతుకు వేసినట్టు కనిపిస్తుందన్నది పెచ్చు వరకే బాగుచేసే పద్ధతి మీద గట్టి అభ్యంతరం. దాన్ని కొట్టిపారేయలేం. తెల్ల ఎనామిల్ వెలుతురు తగలని చోట పసుపెక్కుతుంది, ఎండ తగిలే చోట ముదురు రంగులు వెలుస్తాయి, కొత్త డబ్బాలోని అదే నంబరు రంగు పాతదానితో కలవదు. దీనికి విరుగుడు ఉంది. ప్రైమరు, లప్పం పెచ్చు వరకే వేసి, చివరి కోటు మాత్రం ఆ ఒక్క పలకకు అంచు నుంచి అంచు దాకా వేయాలి. ఒక సొరుగు ముఖం, లేదా ఒక తలుపు. మూల తిరిగే చోట వెలుతురు ఎలాగూ మారుతుంది కాబట్టి తేడా కంటికి ఆనదు. సంక్రాంతికి ఇంటికి రంగులు వేయిస్తున్నాం కదా, బీరువాకూ ఒక చెయ్యి వేసేయండి అనడం మన ఇళ్లలో మామూలే. ఆ ఒక చెయ్యి తుప్పును ఆపదు, మూసిపెడుతుంది. ఉబ్బు కొత్త రంగుతో సహా పైకి లేస్తుంది. ఈసారి ఊడే పెచ్చు ఒక పొర మందంగా, ఒక మెట్టు లోతుగా ఉంటుంది.

పాత రంగులో సీసం ఉంటుందేమో, గోకడం ప్రమాదం కాదా అన్న ప్రశ్నను తేలిగ్గా తీసుకోకూడదు. ఇళ్లలో వాడే రంగుల్లో సీసం పది లక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదన్న కేంద్ర నిబంధన 2016లో వచ్చి, 2017 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకు ముందు రంగు వేసిన మంచం, ఊయల, స్టూలు ఏదైనా, ముఖ్యంగా పసుపు, నారింజ, ఎరుపు రంగులవి, సీసం ఉన్నట్టే భావించి పని చేయాలి. సీసానికి సురక్షితమైన మోతాదు అంటూ ఏదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పిల్లల మెదడుకు అది చేసే హాని తిరిగి పూడదు. అయితే ఈ భయం పెచ్చును వదిలేయమని చెప్పదు. ఊయల కర్ర మీద ఊడుతున్న పెచ్చు పిల్లవాడి నోట్లోకే పోతుంది. పొడిగా రుద్దకుండా తడిపి రుద్దాలి, మంటతో కాల్చి తీయకూడదు, పిల్లలను, గర్భిణులను దూరంగా ఉంచాలి, రాలినదంతా తడిగుడ్డతో ఎత్తి కవరులో కట్టి పారేయాలి. గోకే చోటు గోరంతే అయితే లేచే దుమ్మూ అంతే. పెచ్చును చిన్నగా ఉన్నప్పుడే బాగుచేయాలనడానికి ఇంతకు మించిన కారణం లేదు. పిల్లల నోటికి పోయే వస్తువుల రంగు గురించి మన పక్కనే ఉన్న ఏటికొప్పాక ఎప్పుడో ఆలోచించింది. అంకుడు కర్ర బొమ్మలకు లక్కలో రసాయన రంగులు మాని చెట్ల రంగులు కలిపే పద్ధతిని అక్కడ మళ్లీ నిలబెట్టిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది.

ఇంత తెలిసినా పెచ్చుల మీదే రంగు పడుతుండటానికి తప్పు పెయింటరు ఒక్కడిదే కాదు. మనం బేరమాడేది ఎన్ని కోట్లు, ఎన్ని గంటల్లో అనే. గోకడానికి, కడగడానికి, ఆరనివ్వడానికి పట్టే పూట మన లెక్కలోకి రాదు. లెక్కలోకి రాని పనిని ఎవరూ చేయరు. ఈసారి పెయింటరును పిలిచినప్పుడు బేరం గోకుడుతో మొదలుపెట్టండి. ఆ పూట కూలీ విడిగా ఇవ్వండి. ప్రైమరు వేయకముందు మిమ్మల్ని పిలిచి చూపించమనండి.