నలుసంత స్ఫటికము - అయస్కాంత రహస్యము

నల్లగొండ, పాలమూరు మెట్టసీమల రైతునకు చెరువునకును కుంటకును గల భేదము నెవరును బోధింపనక్కరలేదు. పెద్దచెరువు నడుమ లేచిన అలకు ఒడ్డుతో పనిలేదు; చిన్నకుంటలోని అలను కట్టయే శాసించును. అర్ధవాహక పదార్థముల సూక్ష్మస్ఫటికములలో చిక్కిన ఎలక్ట్రాను గతియు నిట్టిదే.

నానోమీటరనగా మిల్లీమీటరులో పదిలక్షల వంతు. కాడ్మియం సెలినైడు కొన్ని నానోమీటర్ల నలుసైనచో, చిన్న నలుసు నీలిపచ్చగను, పెద్ద నలుసు ఎర్రగను వెలుగును. దీనిని ఎకిమోవ్ గాజులోను, బ్రూస్ ద్రావణములోను కనుగొనిరి. నలుసులన్నియు నొకే పరిమాణమున నుండునట్లు చేయు మార్గమును బావెండి 1993లో చూపెను. మువ్వురకును 2023లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమానము లభించినది.

రంగు మారుట కంటికి తెలియును. అయస్కాంత గుణము మారుట గూఢమైనది. ప్రతి ఎలక్ట్రానును ఒక చిన్న అయస్కాంతము. దాని స్పందనను తెలుపు ‘జీ’ సంఖ్య శూన్యములో సుమారు 2. కాడ్మియం సెలినైడు పెద్దస్ఫటికములో సుమారు 0.68 మాత్రమే. ఎలక్ట్రాను భ్రమణము స్ఫటికములోని చలనముతో ముడిపడి యుండుటయే యిందులకు కారణము. నలుసు చిన్నదగుకొలది ఆ ముడి సడలి, సంఖ్య 2 వైపునకు పెరుగును. ఇక మాంగనీసు పరమాణువులను కొన్నింటిని చేర్చినచో, కాంతి తాకిడికి లేచిన ఎలక్ట్రానును, అది విడిచిన ఖాళీయును ఆ పరమాణువుల నొకే దిక్కునకు త్రిప్పగలవు. వెలుపలి అయస్కాంతము లేకయే యిది జరుగునని 2009లో అమెరికా శాస్త్రజ్ఞులు ప్రకటించిరి.

ఇందువలన మన పొలమునకు నీరు వచ్చునా యని కొంద రడుగవచ్చును. 1929లో నాఫ్తలీను స్ఫటికముల అయస్కాంత గుణమును పరిశీలించిన సూరి భగవంతముగారు కృష్ణాజిల్లా పల్లెలో పుట్టినవారే. 1952 నుండి ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులైరి. ఆ విశ్వవిద్యాలయపు నీడనే మన రెండు జిల్లాల కళాశాలలు చిరకాలము నడచినవి. 2007లో నల్లగొండకు, 2008లో పాలమూరునకు సొంత విశ్వవిద్యాలయములు వచ్చినవి. విద్య చేరువైనది, పరిశోధనయు చేరువ కావలదా?

ఈ నలుసులను తయారుచేయుటకు గాజుకుప్పెయు, వేడియు, ఓర్పును ముఖ్యము. కొలుచుటకు మాత్రము బలమైన అయస్కాంతములును, మిక్కిలి శీతలమును కావలెను. కావున తయారీ యిచట, కొలత హైదరాబాదులో జరుగునట్లు ఏర్పాటు చేయుట యుక్తమని మేము తలచుచున్నాము. అయితే ఒక్క హెచ్చరిక: కాడ్మియము విషము. ఫ్లోరైడు నీటితో ఎముకలు వంగిన నల్లగొండ నేలలో దాని వ్యర్థము చుక్కయైన ఇంకరాదు. ఆ జాగ్రత్తను నేర్పని విద్య విద్య కాదు.