టాటీబంధ్ ఎండనూ దుమ్మునూ తట్టుకునే కంప్యూటర్

రాయ్‌పూర్ నగరానికి పడమటి కొసన, భిలాయి వైపు వెళ్లే జాతీయ రహదారి మీద ఉంది టాటీబంధ్. 2012లో ఎయిమ్స్ వచ్చాక ఈ పేరు బయటివాళ్లకూ తెలిసింది. రింగ్ రోడ్డు వచ్చి కలిసే చోటు కావడంతో పగలూ రాత్రీ లారీల రద్దీ ఉంటుంది. నగరానికి ఉత్తరాన ఉర్లా, సిల్తరా పారిశ్రామికవాడల్లో స్పాంజ్ ఇనుము కర్మాగారాలు, రోలింగ్ మిల్లులు ఉన్నాయి. మే నెలలో ఎండ 43, 44 డిగ్రీలు దాటడం ఇక్కడ వింతేమీ కాదు.

ఇలాంటి చోట, స్కాన్ చిత్రాల మీద పరిశోధన చేసే ఒక విద్యార్థి లక్షలు పోసి మంచి డెస్క్‌టాప్ కూర్పించుకుంటున్నాడు అనుకుందాం. అది పదేళ్లు పనిచేయాలన్నది అతని కోరిక. విడిభాగాలు ఎలా ఎంచుకోవాలి?

దుకాణంలో మొదట వినిపించే మాట ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు. వేగం కావాలంటే అది సరైన వరసే. ఆయుష్షు కావాలంటే మాత్రం వరస తిరగేయాలి. ప్రాసెసర్ చిప్ తనంతట తాను చెడిపోవడం అరుదు. ముందుగా పోయేవి దాని చుట్టూ ఉండే చవక వస్తువులు: ఎస్‌ఎంపీఎస్‌లోని కెపాసిటర్లు, ఫ్యాన్ల బేరింగులు, కనెక్టర్లు.

గది వేడి నుంచే లెక్క మొదలు

ఫ్యాన్ ఎంత ఖరీదైనదైనా లోపలి భాగాలను గది ఉష్ణోగ్రత కంటే చల్లబరచలేదు. గది 25 డిగ్రీలుంటే, 40 డిగ్రీలుంటే, ఒకే పని చేస్తున్న యంత్రం లోపల ఆ 15 డిగ్రీల తేడా దాదాపుగా అలాగే కనబడుతుంది. దీని దెబ్బ ఎక్కువగా పడేది అల్యూమినియం ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ల మీద. వీటి లోపల ఒక ద్రవం ఉంటుంది. అడుగునున్న రబ్బరు మూత గుండా అది ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా ఆవిరైపోతుంది. వేడి పెరిగితే ఆవిరయ్యే వేగమూ పెరుగుతుంది. ఇంజనీర్లు వాడే మోటు లెక్క ఇది: ఉష్ణోగ్రత 10 డిగ్రీలు తగ్గితే కెపాసిటర్ ఆయుష్షు రెట్టింపు, 10 డిగ్రీలు పెరిగితే సగం.

ఒక కెపాసిటర్ మీద 105 డిగ్రీలు, 2000 గంటలు అని ఉందనుకోండి. ఎస్‌ఎంపీఎస్ లోపల గది కంటే 25 డిగ్రీలు ఎక్కువ వేడి ఉందనుకుందాం. ఏసీ వేసిన 25 డిగ్రీల గదిలో ఆ కెపాసిటర్ 50 డిగ్రీల దగ్గర ఉంటుంది, సుమారు 90 వేల గంటలు నిలుస్తుంది. 40 డిగ్రీల గదిలో అదే కెపాసిటర్ 65 డిగ్రీలకు చేరి, 32 వేల గంటలకు దిగిపోతుంది. చవక ఎస్‌ఎంపీఎస్‌లో 85 డిగ్రీల రకం వేసి ఉంటే మిగిలేది 8 వేల గంటలే. రోజుకు పది గంటలు నడిపితే రెండేళ్లు దాటి కొద్ది నెలలు. ఏడాదంతా మే నెలే ఉండదు కాబట్టి అసలు ఆయుష్షు ఇంతకంటే ఎక్కువే ఉంటుంది. అయినా రెండు రకాల మధ్య నిష్పత్తి మాత్రం మారదు. 2000 తర్వాతి తొలి ఏళ్లలో నాసిరకం ద్రవంతో తయారైన కెపాసిటర్లు ప్రపంచమంతటా లక్షల మదర్‌బోర్డుల మీద ఉబ్బి పగిలిపోయాయి. అప్పట్లో మరమ్మతు దుకాణాల్లో పనిచేసినవారికి ఆ ఉబ్బిన తలలు బాగా గుర్తుంటాయి.

అందుకే ఎస్‌ఎంపీఎస్ కొనేటప్పుడు గోల్డ్, ప్లాటినం అన్న ముద్ర ఒక్కటే చూస్తే చాలదు. 80 ప్లస్ అనే ఆ ముద్ర విద్యుత్తు ఎంత వృథా అవుతుందో చెబుతుంది. ఆ పరీక్ష చేసేది 23 డిగ్రీల దగ్గర. అది టాటీబంధ్ డిసెంబరు లాంటిది. అడగాల్సిన ప్రశ్న వేరు: పెట్టె మీద రాసిన వాట్లు ఎన్ని డిగ్రీల దగ్గర ఇస్తుంది? మంచి రకాలు 50 డిగ్రీల దగ్గర కూడా పూర్తి శక్తి ఇస్తామని రాస్తాయి. కెపాసిటర్లన్నీ 105 డిగ్రీల రకమా, వారంటీ ఎన్నేళ్లు అన్నవి తర్వాతి ప్రశ్నలు. పదేళ్లు, పన్నెండేళ్లు వారంటీ ఇచ్చేవి బజారులో ఉన్నాయి. ఆ వారంటీ మన దేశంలో చెల్లుతుందో లేదో బిల్లు రాయకముందే తేల్చుకోవాలి.

కరెంటు సంగతి ఇక్కడే చెప్పుకోవాలి. మన కరెంటు సెకనుకు 50 ఆవర్తనాలు, అంటే ఒక్కో ఆవర్తనం 20 మిల్లీసెకన్లు. కరెంటు తెగిపోయినా మంచి ఎస్‌ఎంపీఎస్ తనలో నిల్వ ఉన్న శక్తితో 16 మిల్లీసెకన్ల దాకా నెట్టుకొస్తుంది. యూపీఎస్ అందుకోవాల్సింది ఆ వ్యవధిలోనే. చతురస్రపు తరంగం ఇచ్చే చవక యూపీఎస్‌లతో నేటి ఎస్‌ఎంపీఎస్‌లు కొన్నిసార్లు పొసగక ఆగిపోతాయి. సైన్ తరంగం ఇచ్చేదే తీసుకోవాలి. ఇక ఎర్తింగ్ సరిగా లేని ఇంట్లో ఏది కొన్నా వృథా. ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిపించండి.

ఈ దుమ్ము వేరు

స్పాంజ్ ఇనుము తయారీలో ఇనుప ఖనిజాన్ని బొగ్గుతో కలిపి తిరిగే బట్టీలో వేడి చేస్తారు. ఆ పరిసరాల దుమ్ములో మట్టితో పాటు ఇనుప ఆక్సైడు, కార్బన్ రేణువులూ ఉంటాయి. కార్బన్‌కు విద్యుత్తును పోనిచ్చే గుణం ఉంది. మీ కిటికీ గట్టు మీది దుమ్మును కాగితం మీదికి ఎత్తి, కింద అయస్కాంతం కదిపి చూడండి. దాన్ని అనుసరించి కదిలే రేణువులు ఎన్ని ఉన్నాయో మీకే తెలుస్తుంది.

వానాకాలంలో ఈ దుమ్ము మరో రకంగా ఇబ్బంది పెడుతుంది. అందులోని లవణాలు గాలిలో తేమను పీల్చుకుని బోర్డు మీద పలచటి తడి పొరగా మారతాయి. బొగ్గు కాలితే వచ్చే గంధక వాయువులు తోడైతే రాగి, వెండి పూతలు తుప్పు పడతాయి. 2006లో ఐరోపా సీసాన్ని నిషేధించాక బోర్డుల పూతలు మారాయి. ఆ తర్వాత ఈ తుప్పు సమస్య ఎంత పెరిగిందంటే, డేటా కేంద్రాల గాలి నాణ్యత గురించి అమెరికాలోని ఆశ్రే సంస్థ 2009లో ప్రత్యేకంగా ఒక పత్రం వెలువరించింది. ఇంట్లో మనం చేయగలిగేది, వానాకాలంలో యంత్రాన్ని వారాల తరబడి కట్టేసి ఉంచకపోవడం. రోజూ కాసేపు నడిస్తే లోపలి వెచ్చదనం తేమను తరిమేస్తుంది.

క్యాబినెట్ ఎంపికలో నిజానికి చూడాల్సింది ఇదంతా. అద్దాల తలుపులు, రంగుల దీపాలు కాదు. గాలి లోపలికి వచ్చే ప్రతి చోటా సన్నని జాలీ ఉండాలి, అది చేత్తో లాగితే ఊడి రావాలి. స్క్రూలు విప్పాల్సిన జాలీని ఎవరూ కడగరు. గాలిని లోపలికి తోసే ఫ్యాన్లు బయటికి పంపేవాటికంటే ఎక్కువ ఉండాలి. అప్పుడు లోపలి పీడనం కాస్త పెరిగి, సందుల్లోంచి దుమ్ము దూరడానికి బదులు గాలి బయటికి పోతుంది. చాలా సన్నని రేణువులను ఏ జాలీ ఆపలేదు కాబట్టి లోపల శుభ్రం చేయడం ఎలాగూ తప్పదు. ఫ్యాన్లలో సాదా స్లీవ్ బేరింగు వద్దు, వేడికి అందులోని నూనె ఎండిపోతుంది. ద్రవ బేరింగు గానీ బాల్ బేరింగు గానీ ఉన్నవి మేలు.

రాయ్‌పూర్‌లో కూలర్ అంటే ముందు గుర్తొచ్చేది కిటికీకి బిగించే నీళ్ల కూలర్. గదిని అది చల్లబరిచే మాట నిజమే. కానీ దాని గాలి నేరుగా కంప్యూటర్ మీద పడకూడదు. తేమతో పాటు ఒక్కోసారి సన్నటి తుంపర కూడా వస్తుంది.

ప్రాసెసర్ కూలర్ విషయంలో నా ఓటు పెద్ద లోహపు రెక్కలున్న గాలి కూలర్‌కే. ద్రవంతో చల్లబరిచేవి చూడ్డానికి బాగుంటాయి. వాటిలో పంపు ఉంటుంది, గొట్టాల గోడల గుండా ద్రవం కొద్దికొద్దిగా తగ్గిపోతుంది. గాలి కూలర్‌లో చెడేది ఫ్యాన్ ఒక్కటే, దాన్ని మార్చడం పది నిమిషాల పని.

అంచు దాకా నడపకండి

చిప్ వాడే శక్తి వోల్టేజీ వర్గానికీ వేగానికీ అనులోమంగా ఉంటుంది. రెండూ పది శాతం చొప్పున తగ్గించగలిగితే శక్తి 27 శాతం తగ్గుతుంది. అందుకే 170 వాట్ల ప్రాసెసర్‌ని బయాస్‌లో 105 వాట్ల స్థాయికి దించుకున్నా చాలా పనుల్లో వేగం కొద్దిగానే తగ్గుతుంది. మే నెలలో అది పెద్ద ఊరట. దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది. ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో కొన్ని అధిక వోల్టేజీ, వేడి కారణంగా లోపలే అరిగిపోయి అస్థిరంగా మారాయి. 2024లో ఆ సంస్థ సరిదిద్దిన మైక్రోకోడ్ విడుదల చేసి, వారంటీని మరో రెండేళ్లు పొడిగించింది. బయాస్ కొత్తగా ఉంచుకోవడం కూడా ఆయుష్షులో భాగమే.

గ్రాఫిక్స్ కార్డు కనెక్టర్ కూడా ఇలాంటి అంచు కథే. 600 వాట్లు 12 వోల్టుల దగ్గర అంటే 50 ఆంపియర్లు. అది ఆరు పిన్నుల మీద పంచుకుంటే ఒక్కోదానికి 8.3 ఆంపియర్లు. పిన్ను తట్టుకునే పరిమితి అంతకంటే పెద్ద దూరమేమీ కాదు. ఒక పిన్ను సరిగా తగలకపోతే మిగిలినవాటి మీద భారం పడుతుంది. 2022 చివర్లో వచ్చిన అతి ఖరీదైన కార్డుల కనెక్టర్లు కొన్ని కరిగిపోయాయి. కనెక్టర్‌ని పూర్తిగా లోపలికి నొక్కి, తీగను దగ్గర్లోనే వంచకుండా ఉండాలి. కార్డులో మెమరీని తర్వాత పెంచుకోలేం, కాబట్టి స్కాన్ చిత్రాల పనికి ఒక మెట్టు తక్కువ వేగమున్నా ఎక్కువ మెమరీ ఉన్నదే ఎంచుకోవాలి.

మదర్‌బోర్డుకు రేపటి ప్రాసెసర్ కూడా పట్టాలి. ఏఎమ్‌డీ ఏఎమ్4 సాకెట్‌తో 2017లో బోర్డు కొన్నవారిలో చాలామంది బయాస్ మార్చి 2022 నాటి ప్రాసెసర్ బిగించుకోగలిగారు. తర్వాత వచ్చిన ఏఎమ్5కి కనీసం 2027 దాకా మద్దతు ఉంటుందని ఆ సంస్థ ప్రకటించింది. యంత్రం బాగున్నా సాఫ్ట్‌వేర్ దాన్ని ముసలిది చేసే ప్రమాదమూ ఉంది. 2025 అక్టోబరు 14న విండోస్ 10కి మద్దతు ఆగిపోయింది. 2017 నాటి ప్రాసెసర్లు చాలావరకు విండోస్ 11 జాబితాలో లేవు. అలాంటి పెట్టెలకు లైనక్స్ వేస్తే ఇంకా నాలుగేళ్లు నడుస్తాయి.

మెమరీలో, వీలైతే ఈసీసీ రకం. డీడీఆర్5 చిప్పుల్లో అంతర్గత సవరణ ఉన్నా, అది చిప్ లోపలి తప్పులకే. చిప్ నుంచి ప్రాసెసర్‌కు వెళ్లే దారిలో తప్పు దొర్లితే పట్టుకోదు. గూగుల్ సర్వర్ల మీద 2009లో వెలువడిన అధ్యయనంలో ఏడాదిలో 8 శాతానికి పైగా మెమరీ పలకలు కనీసం ఒక తప్పు చూపాయి. రోగుల స్కాన్ల మీద పనిచేసేవారు దీన్ని తేలిగ్గా తీసుకోలేరు. ఎస్‌ఎస్‌డీ గురించి అంత బెంగ అక్కర్లేదు. ఒక టెరాబైట్ రకానికి 600 టెరాబైట్ల రాత హామీ మామూలే. రోజుకు 50 గిగాబైట్లు రాసినా అది ముప్పై ఏళ్లు దాటుతుంది. దాని మీద ఒక లోహపు రేకు ఉంటే చాలు, రెండో కాపీ వేరే డిస్కులో ఉంచుకోవాలి.

పెట్టె కూర్చడం పూర్తయ్యాక ఒక పరీక్ష చేయండి. మే నెల మధ్యాహ్నం మూడు గంటలకు, ఏసీ కట్టేసి, గది ఉష్ణోగ్రత రాసుకుని, యంత్రాన్ని గంటసేపు పూర్తి భారంతో నడపండి. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు, ఎస్‌ఎస్‌డీ ఉష్ణోగ్రతల్లోంచి గది ఉష్ణోగ్రత తీసేసి, మిగిలిన అంకెలను తేదీతో సహా ఒక కాగితం మీద రాసి క్యాబినెట్ తలుపు లోపల అంటించండి. మరుసటి మేలో మళ్లీ అదే పని చేయండి. ఏదైనా అంకె ఏడెనిమిది డిగ్రీలు పెరిగి కనిపిస్తే ముందు జాలీలు కడగండి, రెక్కల్లో దుమ్ము ఊదండి. అప్పటికీ తగ్గకపోతే ప్రాసెసర్ మీది థర్మల్ పేస్టు తుడిచి కొత్తది రాయండి.